రెండు దగ్గర నిండు చుక్క

ఏప్రిల్ 6, సోమవారం

రెండో ఫ్యాను సాధించాను. ముప్పై ఎనిమిది మంది ఆడ టీచర్లను ఒక్క ఫ్యాను కింద కుక్కి, నలుగురు అధికారులు మూడు ఫ్యాన్ల కింద కాళ్లు చాపుకుని కూర్చుంటే చూస్తూ ఊరుకోవడానికి నేనేం గోడకు కొట్టిన మేకును కాను.

"ఇది పరీక్ష పేపర్లు దిద్దే క్యాంపండీ మాస్టారూ, ఉద్యమం కాదు" అన్నాడు చీఫ్ ఎగ్జామినరు.

"చెమట కారి ఎర్ర ఇంకు చెరిగితే పిల్లల మార్కులు పోతాయి. అప్పుడు మీరే ఉద్యమం చూస్తారు" అన్నాను.

హాలంతా నవ్వింది. వెనక బల్లలోంచి ఎవరో "కరపత్రం గారా మజాకా" అన్నారు. అననీ. పదిహేనేళ్లుగా కరపత్రాలు రాసేవాణ్ణి కరపత్రం అంటే తిట్టెలా అవుతుంది?

ఉదయమంతా దీనికే సరిపోయింది. మధ్యలో పైనుంచి వచ్చిన కీ ఒకటి. ఏ జవాబు ఒప్పో, ఏది తప్పో, దేనికెన్ని మార్కులో తేల్చే ఆ మూడు కాగితాలను ముగ్గురం పంచుకుని సరిచూసి సంతకాలు పెట్టే తతంగం. అయింది. రేపటినుంచి ఆరు క్యాంపుల్లోనూ అదే కీ.

ఆ ఆరింటిలో ఎక్కడో అక్క లెక్కల పేపరు ఉంది. మా క్యాంపులో ఉండదు, ఇక్కడి పేపర్లు ఇక్కడ దిద్దనివ్వరు. ఈ వ్యవస్థలో నాకు నచ్చిన నిబంధన అదొక్కటే.

మిగతా సబ్జెక్టులు గట్టెక్కుతుంది. లెక్కలే భయం. ముప్పై అయిదు రావాలి.

ఏప్రిల్ 7, మంగళవారం

నలభై పేపర్లు. చేతికి ఎర్ర ఇంకు.

పద్నాలుగో ప్రశ్న: 11 − 3x ≤ 5 సాధించి, జవాబును సంఖ్యారేఖ మీద చూపండి. నాలుగు మార్కులు. కీ ప్రకారం −3x ≤ −6, కాబట్టి x ≤ 2. రెండు దగ్గర నిండు చుక్క, అక్కడినుంచి ఎడమకు బాణం. బాణం దిశ తప్పితే మార్కు లేదు. ఇంతకంటే సులువైన లెక్క పదో తరగతిలో లేదు. నలభై మందిలో పంతొమ్మిది మంది x ≥ 2 అని రాసి కుడికి బాణం గీశారు. పంతొమ్మిది మంది!

నాకు తెలుసు ఇది ఎక్కడినుంచి వచ్చిందో. మైనస్ కనిపిస్తే గుర్తు తిప్పాలి అని ఏ మహానుభావుడో వీళ్ల బుర్రల్లోకి కొట్టాడు, ఎప్పుడు తిప్పాలో చెప్పలేదు. రెండు వైపులా మైనస్ ఉంటే రెండూ కొట్టుకుపోతాయి, గుర్తు జోలికి పోయే పనే లేదు. బట్టీ చదువులు చెప్పే బళ్లు, ఆ బళ్లకు అనుమతులిచ్చే ఆఫీసులు, ఆ ఆఫీసులకు దండలు వేసే మనం. దీని మీద ఒక కరపత్రం రాయాలి. పేరు కూడా తట్టింది: 'బాణం ఎటు?'

పక్క బల్ల కళ్లద్దాల టీచరు మధ్యాహ్నం వచ్చి, "సార్, పద్నాలుగు ఒకసారి చూస్తారా, నాకేదో తేడాగా ఉంది" అంది. రెండు మైనస్సుల సంగతి వివరంగా చెప్పాను. నాలుగు నిమిషాలు చెప్పాను. మారు మాట్లాడకుండా వెళ్లి కూర్చుంది. కీ సరిచూసిన ముగ్గురిలో ఒకరైన ఆవిడకే ఇంత చిన్న సందేహం ఉందంటే ఇక పిల్లలననేం లాభం?

పంతొమ్మిది సున్నాలు పెట్టాను. గుండ్రంగా, స్పష్టంగా.

ఏప్రిల్ 8, బుధవారం

ఈ పేజీ రాయకపోతే బాగుండును. రాస్తున్నాను.

అక్క ఆసుపత్రినుంచి అయిదుకల్లా వచ్చింది. బట్టలుతికే విభాగంలో పంతొమ్మిదేళ్లు. ఇంకా రోజుకూలీ లెక్కే. వార్డు సహాయకురాలిగా పర్మనెంటు చేస్తారట, రెండు షరతులు: పదో తరగతి పాసై ఉండాలి, దరఖాస్తు ఇచ్చే రోజుకు యాభై నిండకూడదు. ఆమెకు జూన్ రెండున యాభై. అందుకే ఈ వయసులో బ్లేడుతో పెన్సిలు చెక్కుకుని, పదహారేళ్ల వాళ్ల మధ్య కూర్చుని పరీక్ష రాసింది. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. ఎందుకు మానేసిందో ఇక్కడ రాయను. నాకు తెలుసు.

చుక్కల సంగతి ఆమెకు నేను చెప్పలేదు, తనే నాకు చెప్పింది. "డ్రమ్ము మీద నలభై అని రాసుంటుందిరా. నలభై కిలోలు వేయొచ్చు, నలభై ఒకటైతే మోటారు ఏడుస్తుంది. నలభై కూడా లోపలిదే, అందుకని నిండు చుక్క. నా వయసుకేమో యాభై అనేది లోపలిది కాదు, యాభై వస్తే బయటికే. అది బోలు చుక్క. అంతేనా?" అంతే. ఇరవై ఆరేళ్లుగా బడిలో ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

ఈ సాయంత్రం కాళ్లు చాపుకుని కూర్చున్న మనిషి ముందు నా గోడు మొదలుపెట్టాను. పిల్లలు, గుర్తు, బాణం. ఆమె వింటూ వింటూ, "ఏ లెక్కరా అది?" అంది. చెప్పాను. లేచి వెళ్లి రేకు డబ్బాలోంచి నాలుగు మడతలు పెట్టిన ప్రశ్నపత్రం తెచ్చింది. పరీక్ష రోజు ఎలా రాశావంటే "రాశాను" అని తప్ప ఒక్క ముక్క చెప్పని మనిషి, మార్జిన్లో పెన్సిలుతో తన జవాబులన్నీ చిన్నగా రాసుకుంది.

పద్నాలుగు పక్కన: 2 ≤ x. కింద ఒక గీత, రెండు దగ్గర నిండు చుక్క, కుడికి బాణం.

"తప్పు" అన్నాను. ఎలా అన్నాను? ఇంకు బుడ్డి మూత పెడుతూ, తల ఎత్తకుండా అన్నాను. "నీకు నలభై సార్లు చెప్పాను అక్కా. నాలుగు మార్కులు గంగలో కలిశాయి."

"ఎట్లా తప్పు?"

"ఎడమకు ఉండాలి బాణం."

"నాకు మైనస్‌తో తగువు ఇష్టం లేదు. అందుకని 3x ని అటు పంపించేశాను. 11 లోంచి 5 పోతే 6. ఆరు, మూడు x లకు మించకూడదు. అంటే రెండు, x కు మించకూడదు. ఇందులో తిప్పడాలూ మళ్లించడాలూ ఏమున్నాయిరా?"

"కీలో x ≤ 2 అని ఉంది."

"కీ సంగతి నాకెందుకు. సున్నా పెట్టి చూడు."

"ఏంటి?"

"నువ్వు చెప్పిందే. అనుమానం వస్తే ఒక అంకె పెట్టి చూడు, అబద్ధమైతే వెంటనే దొరుకుతుంది అన్నావు. నీ బాణం మీద సున్నా ఉంది కదా. పెట్టు."

పెట్టాను. x సున్నా అయితే 11 − 0. పదకొండు, అయిదుకు మించదట.

అక్క మూడు కూడా పెట్టి చూపించింది. పదకొండులో తొమ్మిది పోతే రెండు, రెండు అయిదుకు మించదు, నిజమే. ఆ తరువాత మళ్లీ సున్నా పెట్టింది, నాకు అర్థం కాలేదేమోనని.

"అయితే మీ కీ తప్పన్నమాట" అంది.

"వాళ్ల కీ" అన్నాను.

మైనస్‌తో భాగిస్తే గుర్తు తిరగబడుతుంది. రెండు వైపులా మైనస్ ఉన్నా తిరగబడుతుంది. నేను చెప్పే పాఠం ఇది.

తన జవాబులన్నీ కూర్చి దిద్దాను, కచ్చితంగా. ముప్పై ఆరు. ఈ నాలుగు పోతే ముప్పై రెండు.

ఏప్రిల్ 9, గురువారం

తలుపు తీయకముందే చీఫ్ గది ముందు నిలబడ్డాను. కడిగేశాను. ఆరు క్యాంపుల్లో వేలమంది పిల్లలకు సరైన జవాబుకు సున్నాలు వేయిస్తున్నారు, ఇది నిర్లక్ష్యం కాదు, నేరం అన్నాను. సున్నా పెట్టి చూడండి అన్నాను. ఆయన పెట్టి చూశాడు. పైకి కబురు చేస్తారా లేదా అని బల్ల గుద్దాను.

"కూర్చోండి మాస్టారూ" అని బీరువా తెరిచి, కీ అసలు ప్రతి తీసి నా ముందు పెట్టాడు.

చూశాను.

అందులో ఏముందో రేపు రాస్తాను.

ఏప్రిల్ 10, శుక్రవారం

క్యాంపులో తాగే నీళ్లు లేవు. వంద మందికి రెండు కూజాలు. అధికారుల గదిలో సీసాలు. దీని గురించి ఎవరూ నోరెత్తరు. నోరెత్తితే కరపత్రం అంటారు. ఆ రెండో ఫ్యాను నేను సాధించకపోయి ఉంటే ఈపాటికి ఇద్దరు ముగ్గురు సొమ్మసిల్లేవారు. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఏప్రిల్ 11, శనివారం

సరే.

ప్రతి జవాబు పక్కన సరిచూసినవారి పొట్టి సంతకం ఉంటుంది. ఒకటినుంచి పదమూడు కళ్లద్దాల టీచరు. పద్నాలుగునుంచి ఇరవై రెండు నేను. మిగతావి చీఫ్. పద్నాలుగు పక్కన నాది, తోక తిప్పిన సంతకం. వంద మైళ్లనుంచైనా గుర్తుపట్టొచ్చు.

సోమవారం ఆ కాగితం నా చేతిలో ఉన్నప్పుడు నా కళ్లు ఫ్యాను మీద ఉన్నాయి. చీఫ్‌కు ఇంకా ఏం జవాబివ్వాలో వెతుక్కుంటూ తొమ్మిది సంతకాలు పెట్టాను. చదవకుండా కాదు. చదివాను. మంగళవారం ఆ టీచరు వచ్చి అడిగినప్పుడు కూడా ఆలోచించలేదు, వాదించాను. ఈ రెండూ ఒకటి కావని యాభైకి దగ్గరపడ్డాక తెలిసింది.

కీ మార్చాలంటే ఒకటే దారి. ఆ ప్రశ్న సరిచూసిన మనిషి 'సరిచూడటంలో నేను పొరబడ్డాను' అని రాసివ్వాలి. "ఎవరో అరిచారని కీ తెరవరండీ. లేకపోతే రోజుకొకరు అరుస్తారు" అన్నాడు చీఫ్. ఆ మాటలో తప్పేమీ దొరకలేదు. వెతికాను.

"రాసిస్తే ఏమవుతుంది?" అన్నాను.

"మూడేళ్లు క్యాంపులకు పిలవరు. సర్వీసు పుస్తకంలో ఒక లైను పడుతుంది. ఇక మిగతాది మన వాళ్ల సంగతి మీకు తెలిసిందే." అంటూ నవ్వాడు. "నిప్పులు చెరిగే కరపత్రం, అచ్చు తప్పులతో."

వారం కిందట తల వంచని ఆఫీసుల మీద రాశాను. 'తమ తప్పు తామే ఒప్పుకున్న అధికారిని ఈ రాష్ట్రంలో ఎవరైనా చూశారా?' అని అడిగాను. అయిదు వందల ప్రతులు పంచాను. చీఫ్‌కు కూడా ఒకటి ఇచ్చాను.

లేవబోతుంటే ఆయన గొంతు తగ్గించాడు. మంచి మనిషే. అదే నా కోపం, మంచి మనిషి కాకపోతే సులువుగా ఉండేది.

"మీ అక్కగారు ఈసారి రాశారటగా. వయసు గొడవ కూడా ఉందని విన్నాను."

"అయితే?"

"అయితే ఏముంది. ఏ క్యాంపులో ఉన్నా అక్కడ మనవాడొకడు ఉంటాడు. నంబరు చెప్పండి చాలు. పద్నాలుగులో ఆవిడ రాసింది సరైనదే కదా, ఆవిడ మార్కులు ఆవిడకు వేయిస్తాం. ఇందులో అన్యాయం ఎక్కడుంది?"

తిట్టి బయటికి వచ్చాను. నా జవాబులో మూడు మంచి వాక్యాలున్నాయి, ఇక్కడ రాయాలనుకున్నాను. ఇప్పుడు గుర్తు రావడం లేదు.

హాల్‌టికెట్టు నంబరు ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాను. ఉంటుందని, అంతే. నంబరు మర్చిపోకూడదని.

ఏప్రిల్ 12, ఆదివారం

మధ్యాహ్నం అక్క బట్టలు నానబెట్టింది. పంతొమ్మిదేళ్లు ఆసుపత్రిలో దుప్పట్లూ చొక్కాలూ ఉతికిన మనిషి, ఏ బట్టైనా నీళ్లలో పడేముందు జేబులు తడిమి చూస్తుంది. సూదులు, మందుబిళ్లలు, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్లు దొరికాయట. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. తెలిసే చొక్కా అక్కడ వదిలేశానా అని ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను.

చీటీ పట్టుకుని నా ముందుకు వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, అంచుల దగ్గర ఇంకు పాకింది.

"నా నంబరు నీ జేబులో ఎందుకుందిరా?"

ఊరికే అన్నాను. ఊరికే అనే మాట మా ఇంట్లో ఎప్పుడూ అబద్ధానికే వాడతామని ఇద్దరికీ తెలుసు. ఇక చెప్పక తప్పలేదు. సంతకం సంగతి, చీఫ్ మాట, ఫ్యాను, అన్నీ. ఫ్యాను సంగతి కొంచెం ఎక్కువగానే చెప్పాను.

అంతా విని బండ మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిడితే వాదించవచ్చు.

"సంతకం నువ్వే పెట్టావా."

"పెట్టాను."

"బుధవారం వాళ్ల కీ అన్నావు."

ఆమె చేతిలోని చీటీ వైపు చూశాను.

"నా పేపరొకటీ దిద్దిస్తే మిగతా పిల్లలో?"

"అక్కా, నీకు మళ్లీ అవకాశం లేదు. పదహారేళ్లవాళ్లకు వచ్చే ఏడాది ఉంటుంది. నీకు జూన్ రెండు తర్వాత లేదు. నేను రాసిచ్చినా వాళ్లు టైముకు కీ మారుస్తారన్న నమ్మకం ఏంటి? ఫైలు ఎక్కడో ఆగిపోతుంది. నాకు ఈ ఆఫీసులు తెలుసు. ఇదైతే ఖాయం."

ఇవన్నీ నిజాలే. ఇప్పుడు చదువుకున్నా నిజాలే.

"మన ఇంట్లో ఇద్దరిని చదివించే వీలు లేదన్నప్పుడు నేను మానేశాను" అంది అక్క. ముప్పై ఏడేళ్లలో మొదటిసారి ఆ మాట అంది. "నిన్నెప్పుడన్నా అడిగానా? లేదు. నువ్వు బాగా చదివావు, నాకది చాలు. ఇప్పుడు నాకోసం నువ్వు దొంగవైతే ఆ చదువు కూడా పోయినట్టేరా. అప్పుడు నేను ఎందుకు మానేసినట్టు?"

"దొంగతనం కాదు. నీ జవాబు సరైనదే."

"సరైనదే. అందుకే నా చుక్క నేను పెట్టుకున్నాను. దాన్ని ఎవరి చెయ్యో పట్టుకుని మళ్లీ పెట్టించకు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక చీఫ్ మీద పడ్డాను, ఆఫీసుల మీద పడ్డాను, ముగ్గురు మనుషులతో గంటలో కీ సరిచూడమనే వ్యవస్థ మీద పడ్డాను. రాసిస్తే అందరూ నవ్వుతారన్నాను. పదిహేనేళ్లు రాసిందంతా నవ్వులపాలవుతుందన్నాను. ఎదుటివాళ్లకు అదే కావాలన్నాను, మన నోరు మూయించడానికి ఇంతకంటే ఏం కావాలన్నాను.

"నవ్వనీ" అంది. "నీకోసం కూడా ఒక అంకె పెట్టి చూడు. నువ్వు రాసినదాంట్లో ఆ అధికారులున్న చోట నీ పేరు పెట్టు. నిలబడితే నిలబడుతుంది."

చీటీని బకెట్లో వేసింది. నంబరు కరిగి నీలంగా పోయింది. తరువాత నా చొక్కా కూడా వేసింది.

ఏప్రిల్ 13, సోమవారం

రాసిచ్చాను. ఉదయం పది ఇరవైకి.

ముందు రాసిన కాగితం ఒకటిన్నర పేజీ వచ్చింది. సరిచూడటానికి ఇచ్చిన సమయం, గాలి లేని గది, పైనుంచి వచ్చిన అసలు కీలోనే ఉన్న పొరపాటు, వ్యవస్థ. చీఫ్ చదివి, "మాస్టారూ, ఇది కరపత్రం. నాకు ఒక్క వాక్యం కావాలి" అన్నాడు. మొదటిసారి ఆయన చెప్పింది నిజమని తోచింది, తోచడం నచ్చలేదు.

'పద్నాలుగో ప్రశ్న జవాబును సరిచూడటంలో నేను పొరబడ్డాను. సరైన జవాబు x ≥ 2.' కింద సంతకం. తోక తిప్పలేదు.

తరువాత కళ్లద్దాల టీచరు బల్ల దగ్గరికి వెళ్లాను. "మంగళవారం మీరు అడిగింది సరైనదే టీచర్ గారూ. నేనే..." అన్నాను. అంతకుమించి రాలేదు.

"నాకు అప్పుడే తెలుసు సార్" అంది ఆవిడ, పేపరులోంచి తల ఎత్తకుండా. "మీరు చెబుతుంటే వినాలో నవ్వాలో తెలియలేదు."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"మీతో వాదించి గెలిచినవాళ్లను ఎప్పుడైనా చూశారా?"

ఆవిడ మాటకు జవాబు తయారుగా ఉంది నా దగ్గర. ఉండటమే సమస్య.

ఏప్రిల్ 14, మంగళవారం

నన్ను ఇంటికి పంపించేశారు. అక్క రెండు కప్పుల టీ పెట్టింది.

ఏప్రిల్ 18, శనివారం

సర్క్యులరు వచ్చింది. చింపేయకుండా నన్ను నేను ఆపుకున్నాను.

'సాంకేతిక కారణాల వల్ల కీలో దొర్లిన అచ్చు తప్పును సవరించడమైనది. అన్ని పేపర్లలోనూ పద్నాలుగో ప్రశ్నను మళ్లీ దిద్దవలెను.'

అచ్చు తప్పు! నేను సంతకం పెట్టి ఒప్పుకున్న తప్పును వీళ్లు అచ్చు తప్పు చేసేశారు. పైనున్న వాళ్లు ఎవరో ఆ కీ తయారు చేశారు కదా, నా పేరు బయటికొస్తే వాళ్ల పేరు కూడా వస్తుంది. అందుకని ఎవరూ చేయని తప్పు. అక్షరాలే తమంతట తాము గుర్తు తిప్పకుండా కూర్చున్నాయి కాబోలు. ఇంకో కాగితంలో మాత్రం నన్ను మూడేళ్లు క్యాంపులనుంచి తొలగించారు, కారణం రాయకుండా. శిక్ష ఉంది, తప్పు లేదు. నా తప్పును కూడా నాకు మిగల్చలేదు ఈ మనుషులు.

"మళ్లీ దిద్దుతారా?" అంది అక్క.

"దిద్దుతారు."

"మరి ఆ కోపమెందుకు?"

ఎందుకో చెప్పడానికి అరగంట పట్టింది. మధ్యలో ఆమె లేచి బియ్యం ఏరుకుంది.

మే 27, బుధవారం

ఫలితాలు. అక్క పాసయింది. లెక్కలు: నలభై ఒకటి.

నలభై ఒకటి. నేను దిద్దితే ముప్పై ఆరు వచ్చింది. కచ్చితంగా దిద్దాను అనుకున్నాను, కాదు, పిసినారిగా దిద్దాను. సొంత అక్కకు అయిదు మార్కులు కోశాను. పద్నాలుగో ప్రశ్నకు వచ్చిన నాలుగు తీసేసినా ముప్పై ఏడు. ఏ కీతో దిద్దినా పాసయ్యేది.

నాకు ముందు వచ్చిన ఆలోచన ఇది: అయితే అనవసరంగా రాసిచ్చానే. కొట్టేద్దామని కలం పెట్టాను. కొట్టేయడం లేదు. ఉండనీ.

అక్కకు చెప్పాను, ఆ ఆలోచనతో సహా. మార్కుల కాగితం మీద వేలు పెట్టి ముప్పై ఏడు తనే లెక్కేసుకుని, ఇన్నాళ్లలో చూడని నవ్వు నవ్వింది. "అయితే నువ్వు రాసిచ్చింది నాకోసం కాదన్నమాట. బతికాను. లేకపోతే జన్మంతా ఆ అప్పు తీర్చమని గుర్తు చేసేవాడివి."

సాయంత్రం కళ్లద్దాల టీచరు ఫోను చేసింది. మా క్యాంపులో పద్నాలుగు మళ్లీ దిద్దాక నూట పదిహేడు మంది ముప్పై అయిదుకు చేరారట. అందులో ఇరవై ముగ్గురు సరిగ్గా ముప్పై అయిదు దగ్గరే. "చుక్క మీద నిలబడ్డారు సార్" అంది. ఇంకా అయిదు క్యాంపులున్నాయి. వాళ్లెవరికీ ఏం జరగబోయిందో తెలియదు. తెలియాల్సిన పని ఉందా అంటే ఉంది. నాకు తెలుసు ఉందని.

జూన్ 1, సోమవారం

దరఖాస్తు ఇచ్చి వచ్చాం. ఆసుపత్రి ఆఫీసు గుమాస్తా కాగితాలు తిరగేసి, పుట్టిన తేదీ దగ్గర ఆగి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"రేపటికి యాభై అమ్మా."

"రేపటికి" అంది అక్క.

"ఒక్క రోజేగా తేడా. యాభై కిందే లెక్క."

నేను నోరు తెరిచాను. అక్క నా చెయ్యి పట్టుకుని నొక్కింది, ఊరుకో అన్నట్టు. గుమాస్తా బల్ల మీది పెన్సిలు తీసుకుని, అతని ముందున్న చిత్తుకాగితం మీద ఒక గీత గీసింది. గీత కింద యాభై అని వేసి, దాని పైన గీత మీద చిన్న సున్నా చుట్టింది. లోపల నింపలేదు.

"యాభై దగ్గర బోలు చుక్క బాబూ. యాభై వస్తే బయటికే, ఒప్పుకుంటా. ఇవాళ నేను ఇదిగో, ఇక్కడున్నాను. దగ్గరగానే ఉన్నాను గానీ లోపలే ఉన్నాను. మీ కాగితంలో నిండకూడదు అనే ఉంది కదా, చదవండి."

అతను చదివాడు. రెండోసారి చదివాడు. ముద్ర వేశాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని రసీదు చదువుకుంటూనే ఉంది. ఇంటికి రాగానే నా బల్ల మీదున్న చిత్తుప్రతి తీసింది. ఏప్రిల్ పద్దెనిమిదినుంచి ఎనిమిది సార్లు మొదలుపెట్టిన కరపత్రం. 'అచ్చు తప్పట!' ఎనిమిదిసార్లూ మొదటి వాక్యం అధికారుల నిర్లక్ష్యంతోనే మొదలవుతుంది. అక్క వాక్యం వాక్యం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. ఇదివరకు నా కరపత్రాల్లో ఒక్కటి కూడా చదవలేదు, చదవడం ఇబ్బందని అనుకునేవాణ్ణి. అడగలేదెప్పుడూ.

"బాగా తిట్టావు" అంది. "ఇందులో నువ్వెక్కడున్నావు?"

"మూడో పేజీలో వస్తాను."

"మూడో పేజీదాకా ఎవరు చదువుతారురా? కీలో నీ సంతకం ఎక్కడుంది, జవాబు పక్కనే కదా. ఇక్కడ కూడా పక్కనే పెట్టు."

వాదించాను. ముందు వ్యవస్థను నిలబెట్టాలి, తరువాత వ్యక్తి, లేకపోతే అసలు దోషులు తప్పించుకుంటారు అన్నాను. మంచి వాదన అది, ఇప్పటికీ అంటాను. ఆమె వినలేదు, రసీదు డబ్బాలో పెట్టుకోవడానికి వెళ్లిపోయింది.

తొమ్మిదో చిత్తు. మొదటి పంక్తి:

పద్నాలుగో ప్రశ్న కీ అచ్చు తప్పు కాదు. దాన్ని సరిచూసి, ఒప్పని సంతకం పెట్టినవాణ్ణి నేను.